మైకుసెట్టు మూగవోయిన వేళ

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. మహాత్మా గాంధీని చూచుటకై కృష్ణా తీరపు పల్లెలు కదలివచ్చినవి. రైళ్ళలో వచ్చినవారు, ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చినవారు, కాలినడకను వచ్చినవారు ఆయనను దూరము నుండియైనను చూచియుందురు. ఆయన మాట విన్నవారెందరు? అప్పటికి మన సభలలో మైకు అను వస్తువు లేదు. వేదికకు దాపుననున్నవారు విన్న మాటను వెనుక వరుసకు, వారు ఇంకను వెనుకకు చెప్పుకొనవలసినదే. ఆ తరము పెద్దలు “గాంధీగారి దర్శనము చేసికొన్నాము” అని చెప్పుదురే గాని, “ఉపన్యాసము విన్నాము” అని చెప్పుట తక్కువ. దానికి భక్తి ఒక కారణమైనచో, గాలిలో గొంతు ఎంత దూరము పోగలదన్నది మరియొక కారణమని మా అనుమానము.

అదే మార్చి నెల 4వ తేదీన, వాషింగ్టను నగరములో హార్డింగు అమెరికా అధ్యక్షుడుగా ప్రమాణస్వీకారము చేసినాడు. ఆ సందర్భమునకు లౌడ్‌స్పీకర్లు అమర్చుట అదే మొదలు. అంతకు రెండేండ్ల క్రిందట, 1919 సెప్టెంబరులో, శాన్‌డియాగో నగరపు స్టేడియములో విల్సను అధ్యక్షుడు అద్దాల గదిలో నిలిచి మాట్లాడగా, దాదాపు యాబదివేల మంది ఆ యంత్రముల ద్వారా విన్నారు. ఆ యంత్రమును రూపొందించినవారు కాలిఫోర్నియాలోని జెన్సను, ప్రిథాము అను ఇద్దరు. అనగా, బెజవాడ ప్రజలు గాంధీజీ పెదవుల కదలికను చూచి తృప్తిపడిన కాలమున, గొంతును పెంచెడి పెట్టె ప్రపంచములో పుట్టియున్నది. మన దాకా రాలేదు.

బెజవాడ నుండి కాజీపేట వైపు రైలెక్కినచో, పూర్వపు కృష్ణా జిల్లా ఎల్లలు దాటగానే వచ్చు ఊళ్ళలో ఎర్రుపాలెము ఒకటి. 1889లో సికింద్రాబాదును బెజవాడతో కలిపిన నిజాము వారి రైలుమార్గముపై నున్న ఊరిది. ఆవల మధిర, ఖమ్మము, ఇంకను ఈశాన్యముగా పోయినచో భద్రాచలము అడవులు. నాడు ఇటువైపు నిజాము రాజ్యము, అటువైపు మద్రాసు రాజధాని. 1956లో ఆ ఎల్ల చెరిగిపోయినది. 2014లో మరల గీయబడినది. ధ్వని తరంగములకు మాత్రము ఎల్లలు లేవు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైన పిమ్మట, హైదరాబాదు ప్రసారములకన్న పొరుగునున్న విజయవాడ గొంతే ఈ సరిహద్దు పల్లెలకు దగ్గరిదైనది.

రేడియో ఇంటిలోనికి వచ్చిన తరుణముననే మైకుసెట్టు వీధిలోనికి వచ్చినది. పెండ్లికి, తిరునాళ్ళకు, హరికథకు, ఎన్నికల సభకు అదియే ఆర్భాటము. జమలాపురము వేంకటేశ్వరుని ఉత్సవములకు పోవు బండ్లవారికి, ఊరు కంటబడక ముందే దారి చూపగలిగిన వస్తువది. విద్యుత్తీగ ఇంకను చేరని పల్లెలలో మోటారు బ్యాటరీపై పనిచేయు సెట్లు తిరిగినవి. నేడు వాటి స్థానమును ట్రాన్సిస్టరు సెట్లు, వాటి తరువాత వచ్చినవి ఆక్రమించినవి. పాతవి పోయి అటకలెక్కినవి. వాటిని దించి, తుడిచి, మరల పాడించవలెనను కోరిక ఇటీవల యువకులలో కలుగుచుండుట సంతోషము. కాని దించిన గంటలోనే తీగను గోడలోని ప్లగ్గుకు తగిలించి చంపుచున్నారు. ఆ చావు ఎట్లు జరుగునో, దానిని ఎట్లు తప్పింపవచ్చునో చెప్పుటయే ఈ వ్యాసపు పని. అందుకు ఆ పెట్టె చరిత్రను కొంత తెలిసికొనక తప్పదు. పాత యాంప్లిఫయరులోని ప్రతి లోపమును ఏదో ఒక సంవత్సరమునందు కనిపెట్టబడిన వస్తువులోనే దాగియుండును.

1904లో ఇంగ్లండున ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును చేసినాడు. అది విద్యుత్తును ఒకే దిక్కున పోనిచ్చును. వాల్వు అను పేరు దానివలననే వచ్చినది. 1906లో అమెరికాలో లీ డీ ఫారెస్టు ఆ రెంటి నడుమ గ్రిడ్డు అను మూడవ తీగను పెట్టినాడు. వేడెక్కిన క్యాథోడు నుండి ప్లేటునకు పోవు ఎలక్ట్రాను ప్రవాహమునకు ఈ గ్రిడ్డు తూము తలుపు వంటిది. తలుపును ఆడించుటకు పిల్లవాని బలము చాలును. కదలునది మాత్రము కాలువంత నీరు. మైకులో పుట్టిన అల్ప విద్యుత్తు గ్రిడ్డును ఆడించినచో, ప్లేటు వద్ద అదే ఆట పెద్ద రూపమున కనిపించును. యాంప్లిఫయరు యొక్క రహస్యమంతయు ఇంతే. 1926లో హాలెండులోని ఫిలిప్సు శాలలో టెల్లెగను అయిదు ధ్రువముల పెంటోడును కనుగొన్నాడు. అంతకు ముందటి ఏడు, 1925లో, రైసు, కెల్లాగు అనువారు నేటికిని వాడుకలో నున్న చుట్ట కదలెడి స్పీకరును వెల్లడించినారు. ఈ రెండును కలిసినప్పుడే గొంతు గొంతువలె వినబడుట ఆరంభమైనది.

మన వైపునకు వచ్చినచో, 1924లో మద్రాసున రేడియో క్లబ్బు ఏర్పడినది. అది మూతపడిన పిమ్మట 1930 ఏప్రిల్ 1 నుండి మద్రాసు నగరపాలక సంస్థ ప్రసారములు నడిపినది. మెరీనా తీరమున లౌడ్‌స్పీకర్లు అమర్చి, సొంత రేడియో లేని జనులకు సాయంకాలపు సంగీతము వినిపించినది. ఆ ఇసుకలో కూర్చుండి విన్నవారిలో చెన్నపట్నపు తెలుగువారు తక్కువ కారు. 1930 దశకములో కాంగ్రెసు సభలకు మోత్వానీ కుటుంబమువారి ‘చికాగో రేడియో’ మైకులు వచ్చినవి; గాంధీజీ, నెహ్రూల ఛాయాచిత్రములలో ఆ పేరు గల మైకును మనము చూచుచునేయున్నాము. 1954లో బెంగుళూరున స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్సు 1960 దశకములో రేడియో వాల్వులను ఇక్కడనే తయారుచేయ మొదలిడిన పిమ్మట, పల్లె మైకుసెట్టునకు వాల్వు దొరకుట సులభమైనది.

ఆ తరపు సెట్లలో అనేకము ఒకే కుటుంబమునకు చెందినవి. 1954లో ఇంగ్లండులోని ముల్లార్డు కంపెనీ ప్రకటించిన అయిదు వాల్వుల, పది వాట్ల నమూనా ఒకటున్నది. ముందు ఇఎఫ్ 86, పిదప ఇసిసి 83, చివర జంటగా రెండు ఇఎల్ 84 వాల్వులు, విద్యుత్తును సరిచేయుటకు ఒక ఇజెడ్ 80. ఆ బొమ్మను చూచి ఇంటిలో కట్టుకొన్నవారును, దానిని కొద్దిగా మార్చి అమ్మినవారును లోకమంతట ఉన్నారు. మనము పరీక్షకు దానినే తీసికొందము.

ఎర్రుపాలెములో ఒక యింట అటకమీద అట్టి సెట్టు ఒకటి ఉన్నదనుకొందము. ముప్పదియేండ్లుగా మాటలేదు. యజమాని చెప్పునదేమనగా: “మా నాయనగారి కాలమున చక్కగా పాడెడిది. తరువాత తరువాత ఇరువది నిమిషములు పాడి గొంతు చీలిపోయెడిది. వాల్వులు పోయినవని రెండు మారులు మార్పించినాము. కొత్తవి వేసినప్పుడు కొన్నాళ్ళు బాగుండెడిది. చివరకు విసిగి పైన పెట్టినాము.” ఈ మాటలను తేలికగా తీసివేయరాదు. మంచి వైద్యుడు నాడి పట్టుటకు ముందు రోగి మాట వినును. ఇరువది నిమిషములు, రెండు మారులు, కొన్నాళ్ళు: ఈ మూడింటిలోనే జవాబు మూడువంతులు ఉన్నది. వాల్వు చచ్చుచున్నది నిజమే. కాని దానిని చంపుచున్నవాడు మరియొకడు.

ముందుగా ప్రాణభయము సంగతి. ఈ పెట్టెలో మూడువందల వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉండును. స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడబెరికిన తరువాత గూడ పెద్ద కండెన్సరులలో అది నిలువయుండవచ్చును. స్క్రూడ్రైవరుతో రెండు కొనలను తాకించి టపుక్కుమనిపించుట కొందరికి వీరవిద్య. దానివలన కండెన్సరు చెడును, కన్నులకు ప్రమాదము. పదివేల ఓముల, అయిదు వాట్ల రెసిస్టెన్సు నొకదానిని పిడిగల తీగకు కట్టి, దాని ద్వారా ఆ నిలువను ఛాసిలోనికి దింపి, తరువాత మీటరుతో సున్న చూచుకొనవలెను. కొలతలు తీయునప్పుడు ఒక చేయి వెనుకకు పెట్టుకొనుట పాత మెకానిక్కుల అలవాటు. రెండు చేతుల నడుమ గుండె యున్నది గదా.

ఇక రెండవ భయము పెట్టెకు సంబంధించినది. అటక దిగిన సెట్టును నేరుగా గోడ ప్లగ్గుకు తగిలింపరాదు. ఏండ్ల తరబడి వాడని ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులో లోపలి సన్నని ఆక్సైడు పొర క్షీణించియుండును. హఠాత్తుగా నిండు వోల్టేజి పడినచో అది వేడెక్కి పగులును. దానితోపాటు ఇజెడ్ 80, ఆపై పవరు ట్రాన్స్‌ఫార్మరు పోవును. అందుకే రేడియో దుకాణములలో సీరీస్ బల్బు బోర్డు ఉండెడిది. నూరు వాట్ల మామూలు తీగ బల్బును సెట్టుతో వరుసగా కలుపుటయే ఆ బోర్డు. మొదట ఇజెడ్ 80ని ఊడదీసి వెలిగించవలెను. బల్బు మందముగా వెలిగినచో ట్రాన్స్‌ఫార్మరు, వాల్వుల ఫిలమెంట్లు క్షేమము. నిండుగా వెలిగినచో లోపల ఎక్కడనో రెండు తీగలు కలిసినవి; అచటనే ఆగవలెను. పిదప ఇజెడ్ 80ని పెట్టి మరల చూడవలెను. బల్బు మొదట వెలిగి క్రమముగా మందగించుట శుభలక్షణము. నేటి ఎల్‌ఇడి బల్బు ఈ పనికి పనికిరాదు; పాత తీగ బల్బులు దొరకుట కష్టమగుచున్నది గనుక ఒకటి రెండు దాచి ఉంచుకొనుట మంచిది.

మూడవ జాగ్రత్త చాలమంది ఎరుగనిది. వాల్వు యాంప్లిఫయరును స్పీకరు తగిలింపక పాడింపరాదు. మోయుటకు బరువు లేనప్పుడు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వేలకొలది వోల్టులు పుట్టి, చుట్టల నడుమ నిప్పురవ్వ దుమికి, సన్నని రాగి తీగ తెగును. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు సంగతి వేరు. అది స్పీకరు లేకున్నను ఊరకుండును, స్పీకరు తీగలు రెండు కలిసినచో చచ్చును. కొత్త సెట్లతో చేయి తిరిగినవారు పాత సెట్టును చంపుట తరచుగా ఇక్కడనే. మైకుసెట్లలో నూరు వోల్టుల లైనుకు కట్టు పద్ధతి ఒకటున్నది: యాబది వాట్ల సెట్టునకు రెండువందల ఓముల బరువు తగిన వాటేజి గల రెసిస్టెన్సు రూపమున కట్టినచో, ఊరివారి చెవులకు శాంతి కలుగును, పరీక్షయును జరుగును.

ఈ మూడు జాగ్రత్తలును దేనికొరకనగా, ఆ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కొరకు. వాల్వు నేటికిని కొనవచ్చును. రష్యాలోను చైనాలోను స్లొవేకియాలోను తయారైన కొత్త ఇఎల్ 84లు అంగళ్ళలో ఉన్నవి. రెసిస్టెన్సులు, కండెన్సరులు కొల్లలు. కాని పొరల నడుమ కాగితము వేసి, రెండు సగములను సరితూకముగ చుట్టిన ఆ ఇనుపముద్ద పోయినచో, దానిని మరల చుట్టగలవారు అరుదు. ఆ సెట్టు గొంతునకు తీయదనము ఉన్నదందురే, అందు పెద్ద పాలు దానిదే.

మన సెట్టు బల్బు పరీక్షలో నెగ్గినది. స్పీకరు తగిలించినాము. పాట వచ్చినది. పదునైదు నిమిషములు గడచినవి. గదిలో దీపము తీసి చూచినచో, రెండు ఇఎల్ 84లలో ఒకదాని ప్లేటు కుంపటిలోని బొగ్గువలె మందముగ ఎర్రబారుచున్నది. వెంటనే ఆపవలెను. ఇదివరకటి మెకానిక్కు ఇచటనే “వాల్వు పోయినది” అని తీర్పు చెప్పి కొత్తది అమ్మియుండును. మనము లెక్క చూతము.

ఇట్టి సెట్లలో ప్రతి ఇఎల్ 84 క్యాథోడు క్రింద సాధారణముగ 270 ఓముల రెసిస్టెన్సు ఉండును. దాని మీది వోల్టేజి 10.8 అయినచో, వాల్వులో పారునది 40 మిల్లీ ఆంపియరులు. అందు తెర గ్రిడ్డు వాటా తీసివేసి, ప్లేటు వద్ద నుండు సుమారు 285 వోల్టులతో గుణించినచో పది వాట్లకు చేరువ. ఈ వాల్వు ప్లేటు ఓర్చుకొనగల గరిష్ఠము 12 వాట్లు. మంచి వాల్వు వద్ద ఈ లెక్క సరిగా ఉన్నది. ఎర్రబారిన వాల్వు వద్ద చూడగా 15 వోల్టులు: 55 మిల్లీ ఆంపియరులు, ప్లేటు వద్ద 14 వాట్లు. ఎందుకెక్కువ పారుచున్నది? తూము తలుపు ఎత్తియున్నది గనుక. ఎవరు ఎత్తినారు? గ్రిడ్డు వద్ద వోల్టేజి సున్న ఉండవలెను. అక్కడ సున్నకు పైన అయిదున్నర చూపుచున్నది.

ఆ అయిదున్నర రెండే మార్గములలో రాగలదు. వాల్వులోనే గ్రిడ్డు చెడి, తన ప్రవాహమును తానే పుట్టించుకొనవచ్చును. లేదా ముందటి వాల్వు ప్లేటు నుండి పాటను మాత్రము అందించి, అచటి నిలకడ వోల్టేజిని అడ్డగింపవలసిన కప్లింగు కండెన్సరు దానిని కొంత జారవిడువవచ్చును. ఈ రెంటిలో ఏదియో తేల్చుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. సెట్టు ఆపి, ఆ ఇఎల్ 84ను ఊడదీసి, మరల సెట్టును వెలిగించి కొలువవలెను. వాల్వు లేని గుంటలో గ్రిడ్డు కొన వద్ద వోల్టేజి మాయమైనచో దొంగ వాల్వు. వాల్వు లేకున్నను అది నిలిచియున్నచో దొంగ కండెన్సరు. మన సెట్టులో నిలిచియున్నది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చును. ఆ కండెన్సరును విప్పి సాధారణపు ఓము మీటరుపై పెట్టినచో, ముల్లు కదలనే కదలదు. “కండెన్సరు భేషుగ్గా ఉన్నది” అనుచున్నది. లెక్క వేయుడు. ముందటి ప్లేటు వద్ద 250 వోల్టులు. గ్రిడ్డు క్రింద 470 వేల ఓములు. కండెన్సరు రెండు కోట్ల ఓముల లీకు గలదైనను, గ్రిడ్డుపై అయిదు ముప్పాతిక వోల్టులు పడును. రెండు కోట్ల ఓములనగా మామూలు మీటరునకు అనంతమే. వాల్వునకు అది మరణము. పాత కండెన్సరు మైనము పోసిన కాగితపుది. మన వానలకు, ఉక్కకు ఆ కాగితము తేమ పీల్చును. వేడెక్కినకొద్దీ లీకు పెరుగును; అందుకే ఇరువది నిమిషములు. కొత్త వాల్వు కొంతకాలము ఆ భారమును ఓర్చుకొనును, అందుకే కొన్నాళ్ళు. యజమాని చెప్పిన ప్రతిమాటకు ఇప్పుడు అర్థము దొరకినది.

నాటి మెకానిక్కులను ఎగతాళి చేయుట మాకిష్టము లేదు. వారి చేతనున్న మీటరే వారిని మోసగించినది. 1951లో వచ్చిన ఆవో ఎనిమిదవ నమూనా ఆనాటి మీటర్లలో రాజు. వోల్టునకు ఇరువదివేల ఓములు. అంతటిదానిని పది వోల్టుల మెట్టుపై పెట్టి ఆ గ్రిడ్డును తాకినచో, మీటరే రెండు లక్షల ఓముల భారమై, అయిదు ముప్పాతికకు బదులు 1.7 వోల్టులు చూపును. ఇరువదియైదు వోల్టుల మెట్టుపై పెట్టినచో మూడు. ఒకే చోట రెండు జవాబులు! అంతకన్న చవుక మీటరు గల పల్లె మెకానిక్కునకు దాదాపు సున్నయే కనబడియుండును. అతడు వాల్వును నిందించినాడన్నచో వింత ఏమున్నది? నేడు బజారులో దొరకు అంకెల మీటరునకు సాధారణముగ కోటి ఓముల లోపలి నిరోధముండును. అది అయిదున్నర చూపి నిజమునకు చేరువగా చెప్పును. ఈ ఒక్క కొలతలో నేటి పిల్లవాడు నాటి నిపుణుని మించినాడు.

మందు ఏమనగా, ఆ కండెన్సరును మార్చుట. దాని జంటను గూడ మార్చుట. నేటి ప్లాస్టికు పొర కండెన్సరు, ఆరువందల వోల్టులకు తగినది, చాలును. వాల్వు బ్రతికియున్నదా అన్నది ఆ తరువాతి ప్రశ్న. ఎర్రబారి ఎక్కువ కాలము గడువకున్నచో తరచుగా బ్రతికియే ఉండును. నాడు రెండు మారులు మార్చిన వాల్వుల వెలలో పది కండెన్సరులు వచ్చెడివి.

ఇట్టి కథయే బ్యాటరీ సెట్లలోను కలదు. కరెంటు లేని ఊళ్ళలో ఆరు వోల్టుల బ్యాటరీ నుండి మూడువందలు పుట్టించుటకు వైబ్రేటరు అను పరికరముండెడిది. లోపల ఒక ఉక్కు రేకు సెకనుకు నూరుసార్లకు దగ్గరగా కొట్టుకొనుచు విద్యుత్తును అటునిటు మార్చును. తుమ్మెద ఝంకారము వంటి ఆ చప్పుడే సెట్టు బ్రతికియున్నదనుటకు గురుతు. దాని కొనలు కాలిపోయినచో అందరును వైబ్రేటరును మార్చుదురు. కొన్ని వారములకు మరల కాలును. కారణము ట్రాన్స్‌ఫార్మరు వెనుకనున్న బఫరు కండెన్సరు. కొనలు విడిపడునప్పుడు పుట్టు నిప్పురవ్వను మ్రింగవలసినది అది. అది చెడిన సెట్టులో ఎన్ని వైబ్రేటర్లు వేసినను బూడిదయే.

గుర్రుమను శబ్దము మరియొక సాధారణ వ్యాధి. దానికి చెవియే మీటరు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తములది. సరిచేయు వాల్వు రెండు సగములను వాడుకొనును గనుక, వడపోత కండెన్సరు ఎండిపోయినచో వినబడునది 100 ఆవర్తముల శబ్దము. ఫిలమెంటు నుండి క్యాథోడునకు లీకు, తెగిన గ్రిడ్డు తీగ, భూమితీగ చిక్కు వీనివలన వచ్చునది 50. సంగీతము తెలిసినవారికి చెప్పవలెనన్నచో, ఒకటి మంద్ర షడ్జమము, రెండవది దాని పై స్థాయి షడ్జమము. పైది వినబడినచో పవరు భాగమునకు, క్రిందిది వినబడినచో ముందు భాగమునకు పోవలెను. వడపోత కండెన్సరు మార్చునప్పుడు “పెద్దది మంచిది” అని రెండువందల మైక్రోఫారడులది వేయు ఉత్సాహవంతులున్నారు. ఇజెడ్ 80 వెంటనే నిలుచు కండెన్సరునకు 50 మైక్రోఫారడులు మించరాదు. మించినచో స్విచ్చి వేసిన ప్రతిసారి ఆ వాల్వునకు గండమే.

అన్ని లోపములును ఇంత ఋజువుగా దొరకవు. 1927 ఆగస్టు 2వ తేదీన బెల్ పరిశోధనశాలకు చెందిన హెరాల్డు బ్లాకు, హడ్సను నది దాటు పడవలో కూర్చుండి, చేతనున్న వార్తాపత్రిక కాగితముపై ఒక లెక్క వ్రాసినాడు: యాంప్లిఫయరు చివరి నుండి కొంత ధ్వనిని తలక్రిందుగా మొదటికి తెచ్చి కలిపినచో, అది తన తప్పులను తానే తగ్గించుకొనును. ముల్లార్డు నమూనాలోను స్పీకరు చుట్ట నుండి మొదటి వాల్వు క్యాథోడునకు అట్టి తీగ ఒకటి కలదు. అద్భుతమైన ఉపాయమే గాని, బాగుచేయువానికి తలనొప్పి. తలతోకలు కలిసిన పామువలె, ఎక్కడ దెబ్బ తగిలినను ఒళ్ళంతయు మెలికలు తిరుగును. ఏ వాల్వు వద్ద చూచినను వోల్టేజీలు తప్పుగనే తోచును. ఆ తీగను తాత్కాలికముగ విప్పి, ధ్వని తక్కువ చేసి చూచినచో, ఏ భాగపు తప్పు ఆ భాగముననే నిలుచును. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మార్చిన వెంటనే సెట్టు ఊళలు వేసినచో భయపడనక్కరలేదు. కలిపినది తలక్రిందు గాక నేరుగా కలిసినది. ప్లేట్లకు పోవు రెండు తీగలను ఒకదాని స్థానమున మరియొకటి కలిపినచో ఊళ ఆగును.

ఇంటిలో పాత వాల్వు రేడియో గలవారికి గూడ ఇవన్నియు వర్తించును. రేడియోలో రెండవ సగము యాంప్లిఫయరే గదా. అనేక సెట్ల వెనుక గ్రామఫోను పికప్పునకు రెండు రంధ్రములున్నవి. రేడియో మూగవోయినప్పుడు ఆ రంధ్రములలోనికి పాట పంపి చూడవలెను. పాట వచ్చినచో యాంప్లిఫయరు, పవరు రెండును బాగున్నవి. లోపము కేంద్రమును పట్టు ముందు సగములోనిది. ఒక్క పరీక్షతో సగము పెట్టెను ప్రక్కకు నెట్టవచ్చును. మిగిలిన సగమును మరల సగము చేయవలెను. కాని ఒక హెచ్చరిక: ‘ఏసీ డీసీ’ అని వ్రాసియున్న సెట్లలో, ముఖ్యముగ వాల్వుల పేర్లు ‘యు’ అక్షరముతో ఆరంభమగు వాటిలో, పవరు ట్రాన్స్‌ఫార్మరు లేదు. ప్లగ్గులోని ఒక తీగ నేరుగా ఇనుప ఛాసిని తాకియుండును. బొత్తాములు ఊడిన అట్టి సెట్టును పిల్లలకు అందుబాటులో ఉంచరాదు. మూత తీసి పాడింపను రాదు. అనుభవము లేనివారు దానిని ముట్టకుండుటయే ఉత్తమమని మేము నిర్మొగమాటముగ చెప్పుచున్నాము.

చిన్నచిన్న రోగములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. చిటపటలకు వాల్వు గుంటల తుప్పు, ధ్వని బొత్తాములోని దుమ్ము కారణములు. పెన్సిలు కొనతో ఒక్కొక్క వాల్వును మెల్లగ తట్టినచో తగిలిన చోట చప్పుడగును. పాత కార్బను రెసిస్టెన్సులు వయసుతోపాటు విలువ పెంచుకొనును. లక్ష ఓములది లక్షన్నరకు చేరుట కలదు, దానితో ధ్వని నీరసించును. ఛాసి క్రింద ఎలుక గూడో కందిరీగ మట్టిగూడో ఉండిన, మీటరు కన్న ముందు కుంచె కావలెను. మా దృష్టిలో చేయరాని పని ఒక్కటే: చిహ్నములు పోవునట్లు అన్ని భాగములను ఒక్కసారిగ పెరికి కొత్తవి వేయుట. తరువాత సెట్టు పలుకకున్నచో పాత లోపమో కొత్త పొరపాటో బ్రహ్మకైనను తెలియదు. ఒక భాగము మార్చవలెను, పాడింపవలెను, కొలువవలెను, తరువాతనే మరియొకటి.

ఎర్రుపాలెపు సెట్టునకు తిరిగి వత్తము. రెండు కప్లింగు కండెన్సరులు మారినవి. సీరీస్ బల్బు తీసివేసినాము. ట్రాన్స్‌ఫార్మరుపై వోల్టేజి మెట్లున్నచో, 220 గుర్తు నుండి 240 గుర్తునకు మార్చుట మేలు. నేడు గోడలోనికి వచ్చునది తరచుగ 230కి పైబడియే ఉండును. రెండు గంటలు పాడించి, దీపము తీసి ప్లేట్లను చూచినాము: నలుపు తగ్గలేదు. ఒక క్యాథోడు వద్ద 10.8, రెండవదాని వద్ద 11.1. ట్రాన్స్‌ఫార్మరుపై చేయి పెట్టి ఉంచవచ్చును. గ్రిడ్డుల వద్ద రెంటను సున్న. ఈ అంకెలను తేదీతో సహా ఒక కాగితముపై వ్రాసి, ఏ కండెన్సరును మార్చినది బొమ్మవేసి, ఛాసి అడుగు మూత లోపలి వైపున అతికించవలెను. ముప్పదియేండ్ల తరువాత ఆ మూత తెరుచువానికి మీటరుకన్న ముందు చదువుకొనుటకు ఏదియో ఉండవలెను గదా.